ఏడో మెట్టు

"గెలిచాం!" అంటూ మా ఆవిడ చేతిలో గరిటెతోనే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పిల్లల లైబ్రరీ భవనం కోసం పెట్టిన పోటీలో ఆమె గీసిన డిజైన్‌కే మొదటి స్థానం. ఫోన్‌లో మెయిల్ చూపించి, లాక్కుని, మళ్లీ చూపించింది.

పెళ్లయి పంతొమ్మిది రోజులు. 'మా ఆవిడ' అని రాస్తుంటే ఇంకా ఒళ్లు పులకరిస్తోంది కాబట్టి ఎక్కువసార్లే రాస్తాను. ఓర్చుకోండి.

అసలు మేం కలిసిందే ఈ డిజైన్ గొడవలో. అప్పుడు ఆమె ముద్దాయి, నేను విచారణాధికారిని.

వాళ్ల ఆర్కిటెక్ట్ ఆఫీసు డ్రాయింగులన్నీ క్లౌడ్‌లో ఉంటాయి. ఎవరు ఏ ఫైలు ఎప్పుడు తెరిచారో అక్కడ నమోదవుతుంది. నెల రోజులుగా ఆమె అకౌంట్‌తో, ఆఫీసుది కాని ఏదో పరికరంలో, రోజూ పొద్దున ఐదూ నలభైకి లైబ్రరీ ఫైలు తెరుచుకుంటోంది. వేరే ఆఫీసుకి అందిస్తోందేమోనని బాస్‌కి అనుమానం. పోటీ గడువు ఇంకా రెండు రోజులే. ఈలోగా తేలకపోతే డిజైన్ మీద ఆమె పేరు తీసేస్తానన్నాడు. డేటా భద్రత చూసే మా కంపెనీ నన్ను పంపింది.

"ఐదూ నలభైకి మీరేం చేస్తుంటారు?" గొంతు బరువు చేసుకుని అడిగాను.

"నిద్రపోతుంటాను. సాక్ష్యం కావాలంటే మా దిండుని పిలిపించండి, ఇన్‌స్పెక్టర్ గారూ!"

"నేను ఇన్‌స్పెక్టర్‌ని కాదండీ."

"మరి ఆ చూపేంటి?"

ఆ చూపు అనుమానంతో కాదని చెప్పే ధైర్యం లేక తల వంచుకుని రికార్డులు చూశాను. వింతేంటంటే, ఆ దొంగ ఏదీ డౌన్‌లోడ్ చేయలేదు. ఎవరికీ పంపలేదు. నెలంతా తెరిచింది ఒక్కటే, మెట్ల డ్రాయింగు!

"ఏదో పాత ట్యాబ్‌లోంచి చూస్తున్నారు. మీకు తెలిసినవాళ్ల దగ్గర..."

ఆమె నాలుక కరుచుకుంది. "అయ్యో! అది మా నాన్నకి ఇచ్చేశాను. సైన్ అవుట్ చేయలేదు!"

వెంటనే వాళ్లింటికి వెళ్లాం. వాళ్ల నాన్నగారు నలభై ఏళ్లు వడ్రంగం చేసి మానేసినా, చెవి మీద పెన్సిల్ ఇంకా దిగలేదు. విషయం వినగానే ఆయన ముఖం చిన్నబోయింది.

"నేనేం ముట్టుకోలేదు బాబూ. పొద్దున్నే కాఫీ తాగుతూ చూస్తానంతే. నా కూతురు గీసింది కదా!"

"రోజూ మెట్లే ఎందుకండీ?"

ఆయన కూతురి వంక బెరుగ్గా చూశారు. "ఏడో మెట్టు ఎత్తెక్కువైందమ్మా. పిల్లలు తట్టుకుని పడతారు. చెబితే, చూస్తున్నానని తెలిసి కోప్పడతావేమోనని..."

ఆమె లాప్‌టాప్ తెరిచి కొలతలు చూసింది. నిజమే, రెండు వేళ్లు ఎక్కువ! ఆఫీసులో నలుగురు చూసి సరే అన్న డ్రాయింగు అది.

బయట వాన. వాళ్ల నాన్నగారి గొడుగు కింద ఇద్దరం.

"రిపోర్టులో సాంకేతిక లోపం అని రాసేయనా? మీ పేరు రాదు" అన్నాను.

"వద్దు. సైన్ అవుట్ చేయంది నేను. అలాగే రాయండి. తప్పు పట్టుకున్నది మా నాన్న. అదీ రాయండి."

నేను అక్కడే పడిపోయాను, ఏ మెట్టూ తట్టుకోకుండానే.

బాస్ రిపోర్టు చదివి ఆమెకి గంటసేపు చీవాట్లు పెట్టి, పేరు మాత్రం ఉంచాడు. మెట్టు సరిచేసి గడువులోగా పంపారు. ఆ తర్వాత 'ఇంకా కొన్ని ప్రశ్నలున్నాయి' అంటూ నాలుగు నెలలు వాళ్లింటికి తిరిగాను. చివరికి మామయ్యగారే, "ఈ విచారణ ఎప్పటికి ముగుస్తుంది బాబూ? పెళ్లి మాటలు మాట్లాడుకుందామా?" అన్నారు.

ఇప్పుడు మా ఆవిడ ఆయనకి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి గెలిచిన సంగతి చెప్పింది. అవతల ఏదో కింద పడ్డ చప్పుడైంది.

"నాన్నా, వింటున్నావా?"

"ఆఁ... వింటున్నానమ్మా. చెవి మీది పెన్సిల్ పడిపోయింది. ఓసారి ఆ బొమ్మ చూడాలనుంది."

నా మనసు చివుక్కుమంది. ఆ రోజు ట్యాబ్‌లో సైన్ అవుట్ నొక్కింది నేనే. అప్పట్నుంచీ పాపం ఆయన ఉత్త కాఫీయే తాగుతున్నారు.

"బాస్‌ని అడిగి ఒప్పించానులే నాన్నా. ఇకమీదట మా మెట్ల డ్రాయింగులన్నీ నువ్వు చూశాకే బయటికెళ్తాయి" అంది మా ఆవిడ, గరిటె జెండాలా పైకెత్తి.

నేను ఫోన్ అందుకున్నాను. "మామయ్యగారూ, రేపు వచ్చి మీ పేరు మీదే అకౌంట్ తెరిచి పెడతాను."

"ఎన్నింటికొస్తారు బాబూ?"

మా ఆవిడ ఫోన్ లాక్కుంది.

"ఐదూ నలభైకి నాన్నా! మూడు కాఫీలు పెట్టి ఉంచు."