మిగిలిన జానెడు

గుమ్మిడిపూండిలో రైలెక్కి, తిరుత్తణిలో బస్సు పట్టుకుని పళ్ళిపట్టు చేరేసరికి అలమేలుకు నడుం విరిగినంత పనైంది. అయినా రాకుండా ఎలా ఉంటుంది? అమ్మ పోయాక తనను పెంచింది అక్క సుందరవల్లే. ఆ అక్కా బావా పెళ్ళి చేసుకుని ఇరవై అయిదేళ్ళు నిండాయని, దీపాల వేళకు మళ్ళీ దండలు మార్చుకుంటారు. అది 1986, ఎండాకాలం.

వేడుక నిరుడే జరగాల్సింది. దానికోసం అక్క అత్త కుప్పమ్మ ఎర్రచీర నేస్తూ, జానెడు మిగిలుండగా మగ్గం మీదే ప్రాణం విడిచింది. నేసేవాళ్ళు అలా పోతే నేసినంత వరకు కోసేయాలి, ఆ బట్ట మీద ఇంకొకరు పోగు వెయ్యకూడదు. నేతవాళ్ళ ఇళ్ళలో అదే కట్టుబాటు. కన్నతల్లి చేతిపని కొయ్యడానికి బావ వేలాయుధానికి చేతులు రాలేదు. మగ్గం అలాగే ఉండిపోయింది.

అక్క పాత చీరే కట్టుకుంటానంది. అలమేలు ప్రాణం ఉసూరుమంది. ఆరేళ్ళుగా ఫ్యాక్టరీలో పనిచేస్తున్న మనిషి, ఆమెకు ఈ కట్టుబాట్లన్నీ చాదస్తం. మధ్యాహ్నం అందరూ వంటల దగ్గరుండగా, మగ్గం గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంది.

తడిమట్టి వాసన. పులిసిన గంజి వాసన. చిన్నప్పుడు ఈ ఇంట్లో నేర్చిన పనిని చేతులు మరిచిపోలేదు. టక్... టక్... నాలుగు వేళ్ళ మేర నేసేసరికి, కింద తొక్కుడు కర్ర తనంతట తానే దిగింది. ఆమె పాదం పక్కన ఏదో తగిలింది. చల్లగా... గరుకుగా... ఎలుకేమో అనుకుంది. ఎలుకకు పగిలిన మడమ ఉండదు కదా.

 అయినా కళ్ళు మూసుకుని నేసేసింది. కోసి, మడిచి, అక్క చేతిలో పెట్టింది.

"ఎవురు కోసినారే?"

"బావే కోసిచ్చినాడక్కా. అత్త నేసినంత వరకే" అని అబద్ధమాడింది. అక్క చీర కళ్ళకద్దుకుని కట్టుకుంది.

దండలు చేతికందిస్తుండగా కరెంటు పోయింది. లోపలి నుంచి మగ్గం చప్పుడు. టక్... టక్... లాంతరు తెచ్చేసరికి పీట మీద అక్క లేదు.

అలమేలు లాంతరు అందుకుని మగ్గం గదికి పరుగెత్తింది. అక్క గుంటలో కూర్చుని ఉంది. కోసిన చీర అంచు మళ్ళీ మగ్గం మీది నిలువు పోగుల్లో, పడుగులో కలిసిపోయింది. నెమ్మదిగా, ఆమె ఒంటి మీది చీర మగ్గానికి చుట్టుకుంటోంది.

"అక్కా... లే..."

"యాడికి లేసేది?" అక్క గొంతు గుసగుసలాడింది. "అత్త నా కాళ్ళు పట్టుకోనుండాది. ఆ జానెడూ ఆమెదంట... నువ్వు నేసినావంట..."

అలమేలు కత్తెర అందుకుని దొరికిన పోగునల్లా తెంచింది. అక్క పక్కకు ఒరిగిపోయింది. ఊపిరి లేదు.

మర్నాడు శ్మశానం నుంచి వచ్చాక బావ ఆ గది తలుపు తీశాడు. మగ్గం మీద కొత్తగా జానెడు నేసి ఉంది. పడుగు ఎర్రనూలే. అడ్డంగా వేసినవి మాత్రం వెంట్రుకలు... తెల్లవి కొన్ని, నల్లవి కొన్ని.

అడ్డపోగు నడిపే నాడెలో ఇంకా కొంచెం జడ మిగిలుంది. దాని చివర, నిన్న బస్సెక్కేటప్పుడు అలమేలు కట్టుకున్న ఆకుపచ్చ రిబ్బను.

అలమేలు చెయ్యి మెల్లగా తన వీపు మీదికి పోయింది...