లాభం, ఆరు, తొమ్మిది

పుంగనూరు మిషన్ బడిలో మూడో తరగతికీ నాలుగో తరగతికీ మధ్య ఉన్నది ఒక్క వెదురు తడిక. 1946లో ఆ తడికకు ఇవతల జయరత్నం మాస్టారు బెత్తం పట్టుకొని ఎక్కాలు వల్లె వేయించేవాడు. అవతల, మదనపల్లె నుంచి తాత్కాలికంగా వచ్చిన సుహాసిని టీచర్ నేలమీద సుద్దతో గీసిన గళ్లలో పిల్లలచేత గంతులు వేయించేది.

"మూడు, ఆరు, తొమ్మిది..."

ప్రతి గంతుకూ జయరత్నం బల్లమీది సిరాబుడ్డి అంగుళం జరిగేది.

"టీచర్ గారూ, అక్కడ జరుగుతున్నది చదువా, కప్పల పందెమా?" అన్నాడు ఒకనాడు.

"మూడేసి చొప్పున దూకే కప్ప దొరికితే మీ తరగతిలో చేర్చుకోండి మాస్టారూ. మీవాళ్లకు ఆసరాగా ఉంటుంది."

తడికకు రెండువైపులా పిల్లలు నవ్వారు. ఆ సాయంత్రమే అతను మేనేజరుకు ఫిర్యాదు రాశాడు. ఆమె తరగతిని ఒక్కసారైనా చూడకుండా రాయడం అన్యాయమని అతనికి తోచలేదు. చెవులతో చూసి తీర్పు చెప్పేవారికి సాధారణంగా తోచదు.

ఫిర్యాదు బడుల ఇన్‌స్పెక్టరు చేతికి చేరింది. శుక్రవారం ఆయన అడిగే ఎక్కాలకు పిల్లలు తడబడితే సుహాసిని ఉద్యోగం పోతుంది.

"శుక్రవారం దాకా సిరాబుడ్డి నేలమీద పెట్టుకోండి," అన్నది ఆమె అతనితో, అంతే.

దెబ్బలాడి ఉంటే అతనికి నిద్ర పట్టేది. మరునాడు తడికలో వేలుదూరే కన్నం వెతికి తొంగిచూశాడు. పిల్లలు గడికి మూడేసి చింతగింజలు పెడుతున్నారు. రైతుబిడ్డ గంగులమ్మ మొదటి గడిలో దూకి "లాభం" అన్నది, తరువాత "ఆరు, తొమ్మిది" అన్నది. చెంగు బిగించి సుహాసినీ దూకింది. గురువారానికి ఆ కన్నంలో పిడికిలి పట్టేది.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు గంగులమ్మనే లేపాడు.

"మూడొకట్ల ఎంత?"

"లాభం సార్."

కళ్లం ముఖం ఎరుగని పట్టణవాసి ఆయన. కలం తీశాడు. జయరత్నం తడిక చుట్టూ తిరిగి వచ్చాడు.

"సార్, మా పల్లెల్లో గింజలు కొలిచేటప్పుడు మొదటి సేరును ఒకటి అనరు, లాభం అంటారు. ఆ పిల్ల మొదటి కుప్పకు ఇంట్లో విన్న పేరే పెట్టింది. తరువాతిది అడిగి చూడండి."

"ఫిర్యాదు రాసింది మీరే కదయ్యా?"

"నేనే సార్. తడికకు ఇవతల కూర్చుని రాశాను."

ఇన్‌స్పెక్టరు ముందు అతని తరగతినే అడిగాడు: "ఏడార్లు?"

మునికృష్ణ కళ్లు మూసుకొని "ఏడొకట్ల ఏడు" దగ్గర మొదలుపెట్టాడు. ఏడు నాలుగుల దగ్గర తప్పిపోయి, మళ్లీ మొదటికి వచ్చాడు.

గంగులమ్మ ఆగలేకపోయింది. "ఏడైదులు ముప్పై అయిదు గదా సార్. ఇంకొక్క దూకు దూకితే నలభై రెండు."

ఇన్‌స్పెక్టరు కలం మూసి, సుహాసినిని ఖాయం చేయమని మేనేజరుతో చెప్పి వెళ్లాడు.

"నన్ను క్షమించండి," అన్నాడు జయరత్నం.

"నోటిమాట చాలదు మాస్టారూ. రాసి చేసిన తప్పు రాసే దిద్దుకోవాలి."

అతను మేనేజరు పేర పూర్తి పేజీ రాశాడు. ఆమె ఎర్రసిరాతో రెండు అక్షరదోషాలు సవరించి, చివరి వాక్యం దగ్గర ఆగింది: 'రెండు తరగతుల నడుమ తడిక ఇక అనవసరమని మనవి.'

"ఇది పాఠం గురించేనా?"

"సగం పాఠం గురించి. మిగతా సగానికి మీరు మార్కులు వేయాలి."

ఆమె ఆ వాక్యాన్ని కొట్టివేయలేదు.

ఆదివారం ఆరాధన ముగిశాక అతను ఆమెను ఇంటికి తీసుకువెళ్లాడు. తల్లి రాహేలు వసారాలో విత్తనాల కోసం వేరుశనగ కొలుస్తున్నది.

"నువ్వు కాయితం రాసింది ఈయమ్మ మీదేనాప్పా?"

"అవునమ్మా."

"మళ్ల వీని ఎంట ఏల వచ్చినావమ్మా నువ్వు?"

"రాసి దిద్దుకున్నారు గదమ్మా," అన్నది సుహాసిని.

రాహేలు సేరు పక్కన పెట్టి, కొడుకు భుజం తాకి "లాభం" అన్నది. సుహాసిని భుజం తాకి "రెండు" అన్నది.

"తరువాత ఒక్క దూకున నాలుగేనా అమ్మా?" అన్నాడు జయరత్నం.

"మీరు మాత్రం," అన్నది సుహాసిని, చెంగు సవరించుకుంటూ, "ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి మాస్టారూ."