గాజుల గుంజ

పట్టపగలు... కానీ పగలు ప్రాణం విడుస్తున్న వేళ!

పాలమూరు నుంచి వచ్చిన పాసింజరు బండి ఫలక్‌నుమా స్టేషన్‌లో ఆగి ఇక కదలలేదు. ఆకాశంలో రాహువు సూర్యబింబాన్ని అంచు నుంచి కొరుకుతున్నాడు. 1980లో వచ్చిన ఆ మహాగ్రహణానికి జడిసి నగరం నగరమంతా తలుపులు బిగించుకుంది. రోడ్డు మీద రిక్షా లేదు... పిల్లల కేక లేదు... కుక్క సైతం లేదు! చెట్ల కింద నేల మీద ఎండ వేలాది కొడవళ్లై పడి ఉంది.

రాజన్న చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తాడు.

దబీర్‌పురాలోని అతని బర్రెల పాకలో, కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఒక్కగానొక్క కూతురు కళావతి మృత్యువు నోట్లో ఉంది. సూర్యుడు పూర్తిగా మునిగేలోగా అతను ఇల్లు చేరకపోతే ఆమె దక్కదు. కడుపులోని పసిగుడ్డూ దక్కదు!

తప్పు అతనిదే. కాషాయం కట్టుకుని పాలకోసం వచ్చిన బాలనర్సింహ, "పెద్దల పేర్లు చెప్పు రాజన్నా, శాంతి చేస్త" అంటే నమ్మాడు. పెత్తరమాసనాడు చనిపోయిన పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు చెప్పే పేర్లన్నీ వరసగా చెప్పాడు. తండ్రి, తాత, ముత్తాత గట్టయ్య... "గట్టయ్య పెండ్లాం పేరు?" అని అడిగితే నోరు తెరిచి ఆగిపోయాడు. తెలియదు! అప్పుడు ఆ మాంత్రికుడి కళ్లల్లో మెరిసిన వెలుగును రాజన్న గమనించలేదు.

ఆ అమావాస్యకే మూసీ ఒడ్డు శ్మశానంలో గట్టయ్య సమాధి పక్కనున్న అతని భార్య సమాధి తవ్వి ఉంది. పుర్రె లేదు... ఆ మర్నాటి నుంచి కళావతి నోట ముసలి గొంతు పలకసాగింది!

"నా ఎముక వాని చేతిల ఉన్నది... నన్ను కుక్క లెక్క కట్టేసిండు... సూర్యుడు మునిగినప్పుడు శక్తుల కోసం నా బిడ్డను నాతోనే చంపిస్తడు! నన్ను పేరు వెట్టి పిలువుండ్రిరా... మీరు పిలిస్తే వాని కట్టు తెగుతది!"

"నీ పేరేంది అవ్వా?" అని రాజన్న ఏడ్చాడు.

కళావతి నాలుక బయటికి వేలాడింది. పెదవుల చివర నెత్తురు చిమ్మింది. ఆ ఒక్క మాట రాకుండా వాడు నోరు కట్టేశాడు!

మేనత్త ఆగమ్మను అడిగితే ఆమె తల బాదుకుంది. "మేం అవ్వ అనెటోళ్లం. మా అమ్మ అత్త అనేది. వాడకట్టోళ్లు గట్టయ్య పెండ్లాం అనెటోళ్లు. ఆడదాన్ని పేరు వెట్టి ఎవలు పిలుస్తరు కొడుకా? పెద్ద కరువుల పాలమూరు దిక్కు నుంచి వచ్చిండ్రంట. బర్రెలతోని పాటు ఆ గుంజను గూడ బండ్ల ఏసుకొని వచ్చిండ్రంట. గంతే యాదికున్నది."

పాక నడుమ నల్లటి గుంజ. దానికి చెయ్యి చాచినట్టు ఒక పంగ. ఆ ఇంట్లో ఆడపిల్ల పుట్టినప్పుడల్లా ఆ పంగకు పసుపు రాసి గాజులు తొడిగేవాళ్లు. ఎందుకో ఎవరికీ తెలియదు. కళావతి పుట్టినప్పుడు రాజన్న భార్య లీలమ్మ తొడిగిన ఎర్రగాజులే చివరివి. లీలమ్మ పోయాక కూడా అవి అక్కడే ఉన్నాయి. తెల్లవారుజామున పాలు పితికేటప్పుడు గాలికి చిన్నగా గలగలమనేవి. ఆ చప్పుడే అతనికి ఇన్నేళ్లూ తోడు.

పేరు లేదు, ఊరు లేదు. ఆ గుంజ ఒక్కటే ఆనవాలు!

బిడ్డను ఆగమ్మకు అప్పగించి రాజన్న పాలమూరు పల్లెలన్నీ తిరిగాడు. "గుంజకు గాజులు తొడిగే ఇల్లు మీ ఊళ్లె ఉండెనా?" అని అడిగితే నవ్వారు. "ఏంది భాయ్, గుంజకు పెండ్లి చేస్తవా ఏంది?" చివరికి ఎవరో ఒక తల్లి అతనికి ఇంత అంబలి పోసి, గొల్లల వంశాలు చెప్పే సాయిలు ఇంటి దారి చూపించింది.

మంచం పట్టిన సాయిలు అంతా విని గుర్రుమన్నాడు. "పట్నం పొయ్యి మీరు మేడలు గడితిరి. మీ తాతల పేర్లను మా నోట్ల ఇడిసివెట్టి పోతిరి. ఆపతి రాంగనే ఉరికొస్తిరి!"

"బాపూ, తిట్టు, కొట్టు. నా బిడ్డను బతికియ్యి!"

ముసలివాడి గొంతు మెత్తబడింది. "కొడుకులు లేని ఇంట్ల బిడ్డనే వంశం నిలబెడితే గుంజకు గాజులు తొడుగుతరు. మా ఊళ్లె గసుంటి ఇల్లు ఒక్కటే. దూడలోళ్లది. గట్టయ్య ఇల్లరికం వచ్చిన అల్లుడు రా! ఇల్లు ఆమెది. బర్రెలు ఆమెవి. మీ ఇంటిపేరు గూడ ఆమెదే. ఆమె పేరు కొమురమ్మ! వంశాన్ని నిలబెట్టినామెను ఇడిసి, ఇంటికి వచ్చిన అల్లునికి బియ్యం ఇస్తున్నరా ఇన్నేండ్లు? పో... కొత్త గాజులు తొడిగి పిలువు. కన్నబిడ్డల పిలుపు కంటె పెద్ద మంత్రం లేదు."

ఫలక్‌నుమా నుంచి పరుగెత్తి వచ్చేసరికి గాజులమ్మే లాడ్ బజార్ నిర్మానుష్యం! దుకాణాలన్నీ మూతపడ్డాయి. ఒక్క దుకాణం రెక్క సందులోంచి సన్నగా ప్రార్థన వినిపించింది. రాజన్న రెండు చేతులతో తలుపు బాదాడు. "చాచా! గాజులు... నా బిడ్డ పానం పోతుంది!"

తలుపు తెరుచుకుంది. తెల్లగడ్డం ముసలాయన ఏమీ అడగలేదు. ఆ చీకట్లో తడిమి తడిమి, పగులు లేని లక్కగాజులు ఏరి అతని దోసిట్లో పోశాడు. "లే జా బేటా. పైసోం కా ఫికర్ నక్కో కర్!" అంటూ డబ్బులు వద్దని చెయ్యి ఊపాడు.

దబీర్‌పురా మలుపు తిరిగేసరికి సూర్యుడు వెంట్రుకంత మిగిలాడు. రాత్రి అనుకుని గుడ్లగూబలు పాతగోడల్లోంచి లేచి భీకరంగా అరిచాయి! పాకలో బర్రెలు తాళ్లు తెంపుకునేలా రంకెలేస్తున్నాయి. గడపలో ఆగమ్మ స్పృహ తప్పి పడి ఉంది...

లోపల భయానకం! నిప్పుల గుండం... దాని ముందు కుంకుమ పూసిన కపాలం... ఎర్రటి కళ్లతో బాలనర్సింహ! కళావతిని అతను కట్టేసింది సరిగ్గా ఆ నడిమి గుంజకే. మామూలు బర్రెల గుంజ అనుకున్నాడు. తాడు చుట్టేటప్పుడు అడ్డం వచ్చాయని లీలమ్మ తొడిగిన గాజులను పగలగొట్టి పారేశాడు. ఎర్రటి ముక్కలు నేల మీద నెత్తుటి చుక్కల్లా ఉన్నాయి.

"గట్టయ్య పెండ్లామా!" అతను కపాలం మీద అరచేయి మోపి గర్జించాడు. "నీ మగని వంశం మీద ఆన! నీ మగని ఇంటి మీద ఆన! ఈ ఆన తప్పితే నా పానం నీది! మింగు... ఈ పిల్లను మింగు!"

కళావతి కెవ్వున అరిచింది. ఆమె చేతులు ఆమె గొంతునే నులుముతున్నాయి!

సూర్యుడు ఆరిపోయాడు.

ఆ చీకట్లో రాజన్న గుండాన్ని దాటి దూకాడు. "దగ్గరకొస్తే బూడిదైతవు!" అని మాంత్రికుడు విసిరిన నిప్పు అతని భుజాన్ని కాల్చింది. అయినా ఆగలేదు. గుంజ పంగకు గాజులు తొడిగాడు. ఒకటి... ఇంకొకటి... ఇంకొకటి...

"దూడలోళ్ల ఆడబిడ్డా! కరువుల బర్రెలను తోలుకొచ్చి మమ్ముల బతికిచ్చిన తల్లీ! గట్టయ్యను ఇల్లరికం తెచ్చుకున్న కొమురమ్మా! నీ మునిమనుమడు రాజన్న పిలుస్తుండు! ఇది నీ ఇల్లు! రా!"

బర్రెలు ఒక్కసారిగా మూగబోయాయి.

ఘల్లు...

పంగ మీది గాజులు కదిలాయి. గాలి లేదు. మళ్లీ ఘల్లు... ఆ చప్పుడు గుంజ దిగింది. నేల మీద నడిచింది! మనిషి లేదు, నీడ లేదు. గాజుల చప్పుడు మాత్రం మెల్లగా, తొందర లేకుండా, ఇంటి పెద్దది వాకిలి దాటినట్టు బాలనర్సింహ వైపు నడుస్తోంది...

"ఆగు! నీ మగని వంశం మీద..." అతని మాట తడబడింది. ఏ వంశం మీద ఆన వేశాడో ఆ వంశం ఆ ఇంట్లో లేనే లేదు! విసిరిన ఆన తిరిగి తిరిగి వేసినవాడి మెడకే చుట్టుకుంది. అతని కళ్లు ఉబ్బాయి. కాళ్లు నేలను విడిచి గాలిలో కొట్టుకున్నాయి. కీచుమన్న కేక ఒకటి సగంలో తెగింది... గుండం మీద పడ్డ శరీరం మళ్లీ లేవలేదు! మెడ చుట్టూ వేళ్ల గుర్తులు. వాటి వెనక గుండ్రంగా, గాజులు నొక్కుకున్న గుర్తులు!

పైన వజ్రం లాంటి తొలి కిరణం మెరిసింది.

రాజన్న తాళ్లు విప్పాడు. కళావతి అతని భుజం మీద వాలి కడుపు తడుముకుంది. "కదులుతుంది నాయినా..." అంది. తన సొంత గొంతుతో! "ఆకలైతుంది."

గడపలో ఆగమ్మ లేచి కూర్చుని, తెలివి పూర్తిగా రాకుండానే కసిరింది. "గ్రహణం విడువలే! తానం చెయ్యకుండ తింటవానే?"

రాజన్నకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సాయంత్రం అతను ఆ కపాలాన్ని పాలతో కడిగి గుంజ మొదట్లో పాతిపెట్టాడు. దోసెడు బియ్యం పోసి, అన్ని పేర్లకంటే ముందు కొమురమ్మ పేరు చెప్పాడు. మట్టి సర్దిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మాఘమాసపు చలిలో నేలంతా మంచులా ఉంది. గుంజ మొదట్లో మట్టి మాత్రం బాలింత పక్కలా వెచ్చగా ఉంది.