మూలపురుషుడి పేరు

ఆ ఉదయం టోబా సరస్సు మీద గాలి అదోలా వీస్తోంది. బలిగె ఊరి రేవుకు దగ్గరగా ఉన్న ఇంట్లో రోతువా వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంది. మెదాన్ నగరంలో ఆసుపత్రి రికార్డులు చూసే ఉద్యోగం ఆమెది. చెల్లెలు తియార్మా పెళ్ళి పదకొండు రోజులుందనగా సెలవు పెట్టి వచ్చింది.

తండ్రి జౌదిన్ రిటైరైన బడిపంతులు. సరస్సు చుట్టుపక్కలున్న తమ బతాక్ తెగవాళ్ళ వంశావళులు రాసేది ఆయనే. ఆయన పుస్తకాల్లోని రెండువేల పేర్లనూ రోతువా డేటాబేసులోకి ఎక్కించింది. ఎవరి పేరిచ్చినా తండ్రి, తాత, ముత్తాత అంటూ పైకెక్కి, వంశానికి మూలపురుషుడెవరో చెప్పే ఫంక్షన్ రాసింది. చివరికి దొరికిన పేరును వేరియబుల్ అనే అరలో దాచి చూపిస్తుందది.

ముందు చెల్లెలి పేరిచ్చింది. తర్వాత ఊరికే పెళ్ళికొడుకు పార్లిన్ పేరిచ్చింది. రెండుసార్లూ ఒకే మూలపురుషుడు వచ్చాడు.

ఆమె తండ్రిని కేకేసింది. ఇంటిపేర్లు వేరైనా మూలపురుషుడు ఒకడైతే బతాక్‌లలో ఆ ఇద్దరూ తోబుట్టువుల లెక్కే. మనువు మాటే ఎత్తకూడదు.

జౌదిన్ కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. పెళ్ళికని తీసి ఉంచిన ఉలోస్ వస్త్రాలను తల్లి మడతపెట్టి పెట్టెలో సర్దేసింది. అప్పుడే తియార్మా లోపలికొచ్చింది.

"ఆ అబ్బాయి నీకు తమ్ముడవుతాడమ్మా," అన్నాడు తండ్రి.

తియార్మా తెర వంక చూడలేదు, అక్క వంక చూసింది. "నువ్వు సరిగ్గా చూశావా?"

"కంప్యూటర్‌కి నీమీద పగేం లేదు," అంది రోతువా, ఒకడుగు వెనక్కి వేసి.

పెద్దలను సాయంత్రం రమ్మని జౌదిన్ కబురంపాడు. వాళ్ళకు చూపించాలని మధ్యాహ్నం రోతువా కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేసి, ఈసారి పార్లిన్ పేరే ముందుగా ఇచ్చింది. జవాబు ఖాళీగా వచ్చింది. మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ ఖాళీ.

ఒక్కో తరమూ విడిగా వెతికింది. పార్లిన్ ముత్తాత దగ్గర దారి తెగిపోయింది. ఆయన తండ్రి పేరుండాల్సిన చోట ఏమీ లేదు. పైదాకా వెళ్ళలేకపోయిన ఫంక్షన్ కొత్త పేరేదీ రాయలేదు. పొద్దున తియార్మా కోసం దాచిన పేరు వేరియబుల్‌లో అలాగే ఉండిపోయింది. పార్లిన్‌కీ అదే చూపించింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టేసరికి అది చెరిగిపోయింది. ప్రతిసారీ ముందు దాన్ని ఖాళీ చెయ్యమని రోతువా రాయలేదు. జరిగింది అంతే.

"నాన్నా, తప్పు నాది," అని పరుగెత్తింది.

తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. "తియార్మా లేదే. పార్లిన్ వాళ్ళుండే సమోసిర్ దీవికి వెళ్ళే పడవెక్కిందని పక్కింటావిడ చెప్పింది."

గాలి ముదిరి సరస్సు అప్పటికే నల్లబడింది. ఆ పడవ వెళ్ళాక ఇంకోటి వదల్లేదు. తియార్మా ఫోను మోగి మోగి ఆగిపోతోంది. గాలి తగ్గేదాకా తండ్రీ కూతుళ్ళిద్దరూ రేవులోనే నిలబడ్డారు. ఆ ముత్తాత తండ్రి పేరు ఎందుకు రాయలేదని రోతువా అడిగింది. జౌదిన్ చెప్పాడు. అవతలి ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ళే కదా అని, తర్వాత చూద్దాంలే అనుకున్నాడట. నలభై ఏళ్ళయింది.

గాలి తగ్గాక కదిలిన మొదటి పడవలో దాటారు. తియార్మా పార్లిన్ ఇంటి అరుగు మీద, అతని నాయనమ్మ పక్కన కూర్చుని ఉంది. అలలకు తడిసిన బట్టలు ఇంకా ఆరలేదు. రోతువా అందరి ముందూ తన తప్పు చెప్పింది. ముసలావిడ విని, మనవడి తండ్రి మొదలు పన్నెండు తరాల పేర్లు తడుముకోకుండా చెప్పింది. చివరి పేరు వీళ్ళ మూలపురుషుడిది కాదు, వేరే మూలం. పెళ్ళికి అడ్డు లేదు.

"మాకు నోటికొచ్చు పంతులుగారూ. ఒక్కరూ వచ్చి అడగలేదు," అందావిడ.

జౌదిన్ తల వంచుకుని, మళ్ళీ మొదటినుంచీ చెప్పమని అడిగాడు. ఆవిడ చెబుతుంటే ఆయన రాసుకున్నాడు.

రోతువా చెల్లెలి ఎదుట కూలబడింది. "ఆ తప్పు ఎవరైనా చేస్తారక్కా," అంది తియార్మా. "కానీ పొద్దున నన్ను చూసి ఒకడుగు వెనక్కి వేశావు. పాపిష్టిదాన్ని తాకకూడదన్నట్టు. ఆ పడవలో నేను ఎన్నిసార్లు నీళ్ళకేసి చూశానో నీకు తెలుసా?"

రోతువా ముందుకు జరిగింది. రెండు చేతులూ చాచి ఆ తడి బట్టలతోనే చెల్లెల్ని గుండెకు హత్తుకుంది. కాసేపు తియార్మా కట్టెలా బిగుసుకునే ఉంది. తర్వాత మెల్లగా అక్క భుజం మీద తల ఆనించి, పొద్దుటినుంచీ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.