అయినోళ్ళ మాట చెల్లదు

"వచ్చిందా?"

"రాలే."

ఉత్తరం కోసం టపాఖానాకు పోయి తిరిగి వచ్చేటప్పుడు అంబదాసు పక్కింటి కిటికీ ముందు ఆగకుండా పోయిన రోజు లేదు. లోపల రాట్నం మీద కండెలు చుడుతూనే అనసూర్య అడిగేది. బయట చెప్పుల మట్టి దులుపుకుంటున్నట్టు వంగి అతను జవాబు చెప్పేవాడు.

అంబదాసుకు రైల్వేలో బుకింగ్ క్లర్కు నౌకరీ దాదాపు ఖాయమైంది. పరీక్ష అయింది, డాక్టరు చూడటం అయింది. పోలీసు ఎంక్వైరీ ఒక్కటే మిగిలింది. మనిషి మంచివాడేనని ఠాణా నుంచి రాసి పంపితేనే ఆర్డరు. సంఘం సర్కారు మీద కొట్లాడిన రోజుల్లో అతని చిన్నాయన జైలుకు పోయి వచ్చాడు. అందుకే జమ్మికుంట సాలెవాడ అంతా ఆ ఎంక్వైరీ పేరెత్తితే గొంతు తగ్గించేది.

"ఆర్డర్ రానీ అనసూర్యా, నీకొక మాట చెప్పేదున్నది," అన్నాడతను ఎండాకాలంలో.

"గిప్పుడే చెప్పరాదు, ఠేషన్ మాస్టర్ సాబ్?"

"నౌకరి లేనోని మాట ఎవరింటరు?"

నేనింటా అనబోయి ఊరుకుంది. అప్పటినుంచీ ఆ మాట కోసమే ఎదురుచూపు. ముసురు పట్టి నూలు మెత్తబడి మాటిమాటికీ తెగేది. తెగినప్పుడల్లా అతుకుతూ, ఏం మాటయి ఉంటుందోనని తనలో తనే నవ్వుకునేది.

ఆ ముసురులోనే ఒక పెద్దమనిషి వచ్చాడు. ధోతి, వానకు పట్టిన ఛత్రి. గద్దె మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు.

"పక్కింటి పిలగాడు, అంబదాసు, ఎసొంటోడమ్మా?"

"ఎందుకు?"

"ఊకెనే. తాగుడు, తిరుగుడు ఏమన్న ఉన్నదా? సోపతి ఎవరితోని?"

అనసూర్యకు అక్క లగ్గం గుర్తొచ్చింది. అక్కకు సంబంధం చూసేటప్పుడు బాపు కూడా ఇట్లాగే ఛత్రి పట్టుకుని, పిల్లగాడి చుట్టుపక్కల ఇళ్ళన్నిటిలో నీళ్ళు తాగి ఆరా తీసి వచ్చాడు. అంటే ఆర్డరు రాగానే చెబుతానన్న మాట ఇదా? వేరే పిల్లతో పెళ్ళి కబురా?

"మంచోడు గాదు," అంది. నోరు దానంతటదే నడిచింది. "పొద్దుగూకితె ఇంట్ల ఉండడు. ఎవరెవరో వస్తరు, గుసగుసలు పెడుతరు. ఎటు పోతడో దేవునికెరుక."

పెద్దమనిషి చెంబు కింద పెట్టి, ఆమె ముఖం ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం బాపు బాలమల్లు నూలు మూట దించుతూ అన్నాడు. "ఠాణాకొచ్చిన కొత్త జమేదారు పర్శరాములు మామూలు బట్టలల్ల వచ్చి అంబదాసు ఎంక్వైరీ చేసి పోయిండట. ఛత్రి పట్టుకొని తిరిగిండట మారాజు!"

రాట్నం ఆగిపోయింది.

తెల్లవారగానే నాయనమ్మ కమలవ్వను వెంటబెట్టుకుని ఠాణా గడప ఎక్కింది.

"నిన్న నేనన్నదంత అబద్ధం, సారు. ఆయన చీమకు సుత దారి విడిచి నడుస్తడు."

"మరి అబద్ధమెందుకాడినవమ్మా?"

కమలవ్వే అందుకుంది. "పోలీసోనివైతె టోపి పెట్టుకొని రావాలె గద బిడ్డా! ఛత్రి పట్టుకొని వస్తె పిల్లనిచ్చేటోనివి అనుకోదా?"

"అనుకోనీ. ఆయన లగ్గం చెడగొడితె నీకేమొస్తది?"

మూలన ఆ ఛత్రి ఇంకా నీళ్ళు కారుస్తోంది. అనసూర్య దాన్నే చూస్తూ అంది.

"ఆయన నాకే గావాలె, సారు."

జమేదారు నవ్వలేదు. మీసం సవరించుకుని, "అట్లయితె నువ్వు మంచోడన్నా చెడ్డోడన్నా నేను రాసుకోను. అయినోళ్ళ మాట ఎంక్వైరీల చెల్లదమ్మా. వేరే ఇండ్లల్ల అడుగుత, పో," అన్నాడు.

మర్నాటి నుంచి అంబదాసు కిటికీ ముందు ఆగలేదు. వెనక గల్లీ పట్టుకుని పోయేవాడు. గోడ అవతల చెప్పుల చప్పుడు వినబడేది, దూరమయ్యేది. తన అబద్ధం తెలిసిపోయింది, అసహ్యపడ్డాడు అనుకుంది. ముసురు తగ్గింది. నూలు ఆరి, తెగడం మానేసింది. రాట్నం ఆపి కిటికీ వైపు చూసేందుకు ఒక సాకూ మిగలలేదు. తంగేడు పూసి రాలిపోయింది. మధ్యాహ్నం రైలు కూసినప్పుడల్లా "వచ్చిందా?" అని నోట్లోనే అనుకునేది. రాలే అనేవాడు కూడా లేడు.

మార్కెట్ యార్డు ముందు పత్తి బండ్లు బారులు తీరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం కిటికీలో నీడ పడింది.

"అడుగవా?"

ఆమె తలెత్తలేదు. "వచ్చిందా?"

"వచ్చింది. సిర్పూర్ ఠేషన్ల నౌకరి."

చేతిలో పోగు తెగింది. "గిన్నాళ్ళు ఇటు దిక్కన్న చూడకపోతివి. నామీద కోపమేనా?"

"కోపమా? జమేదారే పిలిచి చెప్పిండు. ఎంక్వైరీ ఒడిసేదాంక నీ అయినోళ్ళ కిటికీ దిక్కు పోకు, నాకు మళ్ళ పరేషాన్ పెట్టకు అన్నడు." అతని గొంతు తగ్గింది. "వెనక గల్లీల ఎన్నిసార్లు నిలబడ్డనో ఆ గోడకెరుక."

తెగిన పోగు అతుకుతూ ఆమె అంది. "మరి గా మాట చెప్పు."

"ఏం చెప్పాలె? నాకన్న ముందు నువ్వే పోయి ఠాణాల చెప్తివి."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో రాట్నం అటు తిరిగిందో ఇటు తిరిగిందో. అంతలో వీధి గుమ్మంలో అంబదాసు తల్లి సక్కుబాయి, చేతిలో కుంకుమ భరిణె, వెనక ఇద్దరు పెద్దమనుషులు. ఒకాయన చేతిలో ఛత్రి ఉంది.

లోపలి నుంచి కమలవ్వ కేకేసింది.

"ఎవరో వచ్చిండ్రు! నువ్వు నోరు తెరువకు పిల్లా, ఈసారి నేను మాట్లాడుత!"