తలంబ్రాల చీర సంచులు

పెట్టెలో తలంబ్రాల చీర లేదు!

బాలనాగమ్మ మళ్లీ వెతికింది. పెళ్లినాటి పసుపు మరకతో సహా ముప్పై ఏళ్లు దాచుకున్న తెల్ల నూలుచీర... పెట్టె అడుగున కలరా ఉండలు తప్ప ఏమీ మిగల్లేదు. ఆమె చూపు వాకిలి ఊడుస్తున్న కోడలి మీద పడింది.

"నువ్వే తీసినవ్ వసంతా. యూరియా సంచులల్ల పత్తి ఏరొద్దు, పాత చీరలియ్యిండ్రని వారం సంది మా పానం తింటున్నవ్. పాత చీరంటె నాదే కనబడ్డదా?"

"నేను ముట్టలేదు అత్తమ్మా..."

వసంత చీపురు పక్కన పెట్టింది. పురుగుమందు లేకుండా పత్తి పండించే సంఘంలో ఊరి ఇరవై ఇళ్లను చేర్పించింది తనే. పత్తిలో యూరియా సంచి ప్లాస్టిక్ పోగు ఒక్కటి కనబడినా మిల్లువాళ్లు ఊరి పత్తినంతా వెనక్కి పంపుతారు. ఆ మాట చెబితే మామ ఈరన్న పగలబడి నవ్వాడు. ఇవాళే మొదటి ఏరుడు. గుడ్డ సంచుల్లోనే ఏరుతానని ఊరికిచ్చిన మాట నిలబెట్టుకోవడం అటుంచి, సొంతింట్లోనే దొంగయింది! తల్లి లేని పిల్ల... ఎవరితో చెప్పుకుంటుంది? కన్నీళ్లు మింగి, తన పాత చీరొకటి భుజాన వేసుకుని చేనుకు నడిచింది. వెనకే తిట్టుకుంటూ బాలనాగమ్మ.

చేను గట్టు మీద ఈరన్న కూర్చుని ఉన్నాడు. ముందు నాలుగు తెల్ల సంచులు. ఒకదాని మూలన పసుపు మరక!

"ఏందయ్యా గిది?"

"ఆత్మకూరుల యూనుస్ టైలర్‌తోని కుట్టిచ్చిన. మంచిగున్నయి గదా?"

"నా తలంబ్రాల చీర గదయ్యా అది."

ఈరన్న తెల్లబోయాడు. "అదా? ఏదో పాత తెల్లగుడ్డ అనుకున్న."

"తలంబ్రాలు పోసింది నువ్వే గదా, యాది లేదా?"

"అప్పుడు నేను చీరను జూసిన్నా? నిన్ను జూసిన."

కళ్లు తుడుచుకుంటున్న వసంతకు నవ్వాగలేదు.

ఈరన్న మాత్రం నవ్వలేదు. "మొన్న గద్వాల పోతె నేతపని వెంకటయ్య మగ్గం మీద ఎర్రచీర ఉండె. నడుమ వెంట్రుకంత తెల్లపోగు, రంగు పట్టలె. గుంజి చూస్తె యూరియా సంచి దారం. పది దినాల నేత పాడాయెనని ఆయన కండ్లల్ల నీళ్లు. ఏ చేన్లదో ఎవరికీ తెల్వదు. మనది గాదని చెప్దామంటె... నాకు నోరు రాలె."

బాలనాగమ్మ పసుపు మరక ఉన్న సంచి తీసి, కోడలి నడుముకు తానే కట్టింది. విచ్చిన కాయల నుంచి గుప్పెడు పత్తి తీసింది.

"పుట్టింటి ఒడిబియ్యం పోసి దీవించేటందుకు నీకు తల్లి లేదు. ఉత్తగనే దొంగవని అంటి నిన్ను. ఒడి పట్టు బిడ్డా."

ఒకటి, రెండు, మూడు... ఐదు గుప్పిళ్లు. వసంత చెంపల మీద నీళ్లు, పెదాల మీద నవ్వు.

అంతలో బాలనాగమ్మ వంగి, సంచిలోంచి ఎండుటాకు ముక్కొకటి ఏరి పారేసింది.

"ఆకు గూడ ఉండొద్దు గదనే? చూసుకోవాలె. రేపు వెంకటయ్య ఇంటికి పోయేది గీ పత్తే."