లోపలి టెర్మినల్

సెలవు రోజు మధ్యాహ్నం. బయట ముసురు. అంత పెద్ద ఆఫీసులో ఆమె ఒక్కతే ఉంది. ఏసీ ఆపేశారేమో, గదంతా తడి కార్పెట్ వాసన. ఇక్కడ అందరూ ఆమెను అక్క అంటారు. ఇంట్లో ఏడేళ్ళ కూతురికి జ్వరం. అత్తగారికి అప్పగించి, "చీకటి పడకముందే వచ్చేస్తానే" అని పాపకు మాటిచ్చి వచ్చింది. ప్రోగ్రాం పంపితేగాని కదలడానికి లేదు. అది చూస్తే మొండికేసింది.

కోడ్ రాసే ఎడిటర్‌లో, ఆదేశాలు టైప్ చేసి ప్రోగ్రాం నడిపే టెర్మినల్ ఒకటి ఉంటుంది. బయట విడిగా ఇంకొకటి. కంప్యూటర్ ఒక్కటే కాబట్టి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కూడా, అంటే ఎవరు పని చేస్తున్నారు, ఏది ఎక్కడుంది అనే వివరాలు, రెంటిలోనూ ఒకేలా ఉండాలి. లేవు. బయటిది ఆమె పేరు చెబుతోంది. లోపలిది మాత్రం మాస్టారి పేరు చెబుతోంది.

మాస్టారంటే ఆఫీసులో సగంమందికి పని నేర్పినాయన. పోయిన నెల ఇదే కుర్చీలో, కీబోర్డు మీద తల వాల్చి పోయాడు. పాపం, సర్వీసంతా వెలుతురుండగా ఇల్లు చేరిన రోజు లేదు. ఆయన కంప్యూటరే ఆమెకిచ్చారు. పాతదంతా తుడిచేశామని సిస్టమ్స్ వాళ్ళు ఒట్టేసి మరీ చెప్పారు.

ఆమె టీమ్ లీడర్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"లోపలిది సొంతంగా ఏదీ చెప్పదక్కా. ఎడిటర్‌ని ఎవరు తెరిస్తే వాళ్ళ వివరాలే దానికొస్తాయి. మొత్తం మూసేసి మళ్ళీ తెరువు."

"తెరిచింది నేనే కదా?"

"ఇంకెవరు తెరుస్తారక్కా!" నవ్వి పెట్టేశాడు.

మూసింది. మెషిన్ కూడా ఆపి, మళ్ళీ వేసింది. ఎడిటర్ మీద నొక్కబోయి ఆగింది.

అది అప్పటికే తెరిచి ఉంది.

ఎక్కణ్ణుంచో నొప్పుల బామ్ వాసన... మాస్టారు మెడకి రాసుకునే ఘాటు బామ్. ఉన్నపళంగా లేచి పోదామనుకుంది. అంతలో ఫోన్ మోగింది.

"అమ్మా... ఎప్పుడొస్తావ్?" పాప గొంతు నీరసంగా ఉంది.

"ఇదిగో, అయిపోయింది. వచ్చేస్తున్నా."

కిటికీలో వెలుగు తగ్గుతోంది. లోపలి టెర్మినల్లో నడిపితే ప్రోగ్రాం చక్కగా పాసవుతోంది, బయట నడిపితే చతికిలపడుతోంది. తొందరలో ఉన్న ప్రోగ్రామర్లు చేసే పనే ఆమె కూడా చేసింది. తప్పెక్కడుందో వెతకలేదు. లోపలి వివరాలన్నీ కాపీ చేసి మెషిన్ మొత్తానికీ పెట్టేసింది. పేరుతో సహా. ఇప్పటికి రెండూ కలిస్తే చాలు, మిగతాది రేపు చూసుకోవచ్చు.

సేవ్ నొక్కింది. రెండు టెర్మినళ్ళూ ఒకే పేరు చెప్పాయి. మాస్టారి పేరు. ప్రోగ్రాం పాసయింది. హమ్మయ్య అనుకుని పంపేసింది.

మెడ ఎందుకో పట్టేసినట్టుంది. చెయ్యి వేసి చూసుకుంది... వేళ్ళకి జిడ్డుగా ఏదో అంటుకుంది. అదే ఘాటు వాసన.

బ్యాగు అందుకుని తలుపు దగ్గరికి పరుగెత్తింది. కార్డు పెట్టింది. ఎర్ర లైటు. మళ్ళీ పెట్టింది. ఎర్ర లైటే. చనిపోయినవాళ్ళ కార్డులు ఆ నెలలోనే రద్దు చేస్తారు. ఆ సంగతి ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో ఆమెకి తెలియలేదు. ఇంటికి ఫోన్ చేసింది. పాప ఎత్తింది.

"హలో... తలుపు తెరుచుకోవట్లేదురా. కాస్త ఆలస్యమవుతుంది..."



"ఎవరు అంకుల్?"

"నేనే... అమ్మని!"

"అమ్మ ఇక్కడే ఉంది అంకుల్. ఇప్పుడే వచ్చింది." పాప గొంతులో హుషారు. "ఫోనివ్వనా?"

అరవబోయింది. ఈలోగా అవతల ఎవరో పాప పక్కన కూర్చున్న చప్పుడు. తర్వాత మెత్తగా, నింపాదిగా ఒక మాట. అది ఆమె సొంత గొంతే.

"రాంగ్ నంబర్‌లే తల్లీ. పెట్టెయ్."